మందు సీసా మీది స్టాంపు, షేరు కాగితం మీది స్టాంపు: రెండింటికీ సంబంధం ఏమిటి?

పాత_ట్రంకు
మా ముత్తాతగారి ట్రంకు పెట్టె అడుగున ఒక కవరు దొరికింది. అందులో మొదట చేతికి వచ్చింది సగానికి చిరిగిన ఒక సన్నని కాగితపు పట్టీ. దాని మీద ఇంగ్లండు ప్రభుత్వ ముద్ర, ఒకటిన్నర పెన్స్ విలువ కనిపిస్తున్నాయి. దానికి చుట్టి ఉన్న పాత పత్రిక ముక్కలో క్లోరోడైన్ అనే మందు ప్రకటన ఉంది. సీసా ధరలు 1 షిల్లింగు 1½ పెన్స్, 2 షిల్లింగుల 9 పెన్స్, 4 షిల్లింగుల 6 పెన్స్ అని వేశారు. వీటి కింద బొంబాయిలోని ఒక నూలు మిల్లు షేరు పత్రం ఉంది. పత్రంతో పాటు, విక్టోరియా రాణి తల, "షేర్ ట్రాన్స్‌ఫర్" అనే మాట అచ్చు వేసిన బిళ్ళలు నాలుగు విడివిడిగా ఉన్నాయి.

ముత్తాతగారు మద్రాసు రేవులో ఓడల ఏజెంట్ల దగ్గర గుమాస్తా. మందు సీసాకు ప్రభుత్వ స్టాంపు ఎందుకు వేశారు? ధరల్లో ఆ అర పెన్నీల లెక్క ఏమిటి? ఈ రెండు రకాల స్టాంపులను ఆయన ఒకే కవరులో ఎందుకు దాచారు? తెలిసినవారు చెప్పగలరు.

అణా_పైస
పట్టీ ఫొటో పెట్టండి. అది తపాలా బిళ్ళ కాదు కాబట్టి నీళ్ళలో నానబెట్టే పని మాత్రం చేయకండి.

అటక_మీద_పిల్లి
ఆయన దృష్టిలో రెండూ ఒకే జబ్బుకు మందులై ఉంటాయి. షేరు కొన్న తరువాత క్లోరోడైన్ అవసరం పడి ఉంటుంది.

సుంకాల_సుబ్బయ్య
పిల్లిగారి హాస్యం అలా ఉంచితే, ధరల చిక్కు విప్పడం తేలిక. బ్రిటన్‌లో మందుల మీద స్టాంపు సుంకం 1783లో మొదలై 1941 దాకా సాగింది. 1804, 1812 చట్టాలతో స్థిరపడిన రేట్లు మొదటి ప్రపంచ యుద్ధం దాకా దాదాపు అలాగే ఉన్నాయి. మందు ధర ఒక షిల్లింగు (పన్నెండు పెన్స్) దాకా ఉంటే సుంకం ఒకటిన్నర పెన్స్, రెండున్నర షిల్లింగుల దాకా మూడు పెన్స్, నాలుగు షిల్లింగుల దాకా ఆరు పెన్స్, పది షిల్లింగుల దాకా ఒక షిల్లింగు.

ఇప్పుడు మీ ప్రకటనలోని ధరలు చూడండి. షిల్లింగుకు ఒకటిన్నర పెన్స్ కలిపితే మొదటి ధర వస్తుంది. రెండున్నర షిల్లింగులకు మూడు పెన్స్ కలిపితే రెండవది, నాలుగు షిల్లింగులకు ఆరు పెన్స్ కలిపితే మూడవది. అంటే వ్యాపారి తన ధరను సరిగ్గా ఒక్కొక్క మెట్టు అంచున నిలబెట్టి, పైన పన్ను కలిపి కొనేవాడి చేత కట్టించాడు. సీసాను షిల్లింగు మూడు పెన్స్‌కు అమ్మాలనుకుంటే సుంకం ఒక్కసారిగా మూడు పెన్స్‌కు ఎగబాకి ధరలో అయిదవ వంతు అయ్యేది. ఆ కాలపు పేటెంటు మందుల ధరలన్నీ ఒకే అచ్చులో పోసినట్లు ఉండడానికి కారణం ఇదే.

అణా_పైస
ఇంకో వింత గమనించండి. ఒకటిన్నర పెన్స్ అంటే షిల్లింగు మీద పన్నెండున్నర శాతం. రెండున్నర షిల్లింగుల సీసా మీద పది శాతమే. చిన్న సీసా కొనే బీదవాడే ఎక్కువ పన్ను కట్టాడు.

సుంకాల_సుబ్బయ్య
లెక్క సరే, కానీ నాలుగు షిల్లింగుల సీసా మీద మళ్ళీ పన్నెండున్నర శాతం పడుతుంది. దీన్ని బీదవాడి మీద కక్ష అనలేము. మెట్ల పద్ధతిలో వచ్చిన ఎగుడుదిగుడు మాత్రమే.

మాత్రల_డబ్బా
నేను మందుల దుకాణం నడిపే ఇంట్లో పుట్టాను కాబట్టి రెండు మాటలు చెబుతాను. "పేటెంటు మందు" అనే పేరే పెద్ద అబద్ధం. పేటెంటు తీసుకోవాలంటే తయారీ రహస్యాన్ని బయటపెట్టాలి. ఈ వ్యాపారులకు కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. అందుకని వీటిలో ఎక్కువ వాటికి పేటెంటే లేదు. బ్రిటన్‌లో 1868 నాటి ఫార్మసీ చట్టం విషాల అమ్మకానికి నిబంధనలు పెట్టి, పేటెంటు మందులను ఆ నిబంధనల నుంచి మినహాయించింది. ఆ మినహాయింపు చాటున నల్లమందు కలిపిన సీసాలు కిరాణా కొట్లలో కూడా దొరికేవి. చివరకు 1893లో పైపర్ అనే దుకాణదారు మీద నడిచిన కేసులో, నిజంగా పేటెంటు ఉన్న మందులకే ఆ మినహాయింపు వర్తిస్తుందని న్యాయస్థానం తేల్చింది. ఆ కేసులో అమ్మిన సరుకు కూడా క్లోరోడైనే.

దానిలో ఏముందో తెలుసా? నల్లమందు ద్రావకం, గంజాయి సారం, క్లోరోఫారం. దాన్ని 1848లో కలరా కోసం తయారు చేసిన జాన్ కాలిస్ బ్రౌన్ ఇండియాలో సైనిక వైద్యుడు. అందువల్ల ఆ ప్రకటన మద్రాసు రేవు గుమాస్తా చేతికి రావడంలో ఆశ్చర్యం లేదు.

తమలపాకు
నల్లమందు, గంజాయి, క్లోరోఫారం మూడూ కలిపితే కలరా తగ్గడం మాట అటుంచి, కలరా వచ్చిందన్న సంగతే మరిచిపోతారు.

కచేరీ_కాగితం
నాకు ఒక సందేహం ఉంది. ప్రభుత్వం స్టాంపు వేసిందంటే ఆ మందు మంచిదని ఒప్పుకున్నట్లే కదా? లేకపోతే విషం సీసా మీద రాజముద్ర ఎలా వేయనిచ్చారు?

సుంకాల_సుబ్బయ్య
మీరు పొరబడినట్లే ఆ కాలపు జనమూ పొరబడ్డారు. వ్యాపారులకు కావలసింది కూడా అదే. చట్టం ప్రకారం ఆ పట్టీని మూత మీదుగా అంటించాలి. సీసా తెరిస్తే పట్టీ చిరగాలి. పాత_ట్రంకు గారి పట్టీ సగానికి చిరిగి ఉండడానికి కారణం ఇదే. ఎవరో మందు తాగారు. మందును పరీక్షించినట్లు గానీ ఆమోదించినట్లు గానీ ఆ స్టాంపుకు అర్థం లేదు. కానీ వ్యాపారులు లండన్‌లో సోమర్సెట్ హౌస్‌లోని స్టాంపు కార్యాలయానికి అదనపు ఖర్చు కట్టి మరీ తమ పేరును ఆ స్టాంపులోనే చెక్కించుకునేవారు. క్లోరోడైన్ ప్రకటనల్లోనైతే, ప్రభుత్వ స్టాంపు మీద డాక్టర్ కాలిస్ బ్రౌన్ పేరు లేని సీసా అసలుది కాదని కొట్టవచ్చినట్లు అచ్చు వేసేవారు. పన్ను కట్టిన రసీదునే నాణ్యతకు పూచీగా చూపించారన్నమాట.

మాత్రల_డబ్బా
ఆ పూచీ విలువ ఎంతో 1909లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ బయటపెట్టింది. "పెట్టె ఒక్కటీ గినీ (21 షిల్లింగులు) విలువ" అని చాటుకున్న బీచమ్ మాత్రల్లో వాళ్ళు కనిపెట్టింది ముసాంబరం, అల్లం పొడి, సబ్బు. 56 మాత్రలకు పడిన సరుకుల ఖర్చు అర ఫార్దింగు, అంటే పెన్నీలో ఎనిమిదవ వంతు. మీదుమిక్కిలి, ప్రభుత్వానికి చేరిన ఒకటిన్నర పెన్స్ సుంకం ఆ సరుకుల ఖర్చుకు పన్నెండు రెట్లు.

అణా_పైస
ఈ ఒక్క వాక్యం కోసం ఈ చర్చ తెరిచినందుకు పాత_ట్రంకు గారికి కృతజ్ఞతలు చెప్పాలి.

బందరు_బుల్లోడు
హోలోవే మాత్రల ప్రస్తావన ఇంకా రాలేదేమిటి? థామస్ హోలోవే 1883లో చనిపోయే నాటికి ఏటా యాభై వేల పౌండ్లు ప్రకటనలకే ఖర్చు పెట్టేవాడు. ఆ లాభాలతో ఆడపిల్లలకు కట్టించిన కాలేజీని 1886లో విక్టోరియా రాణి స్వయంగా ప్రారంభించింది. మన దేశ భాషల్లో కూడా వాడే విధానం అచ్చు వేయించిన మనిషి.

కచేరీ_కాగితం
అయితే మన దేశంలో కూడా మందుల మీద ఇటువంటి స్టాంపు సుంకం ఉండేదా?

ప్లీడరు_వారసుడు
లేదు. ఇక్కడి స్టాంపు చట్టాలు 1860 నాటి దానితో మొదలుపెట్టి 1862, 1869, 1879, 1899 వరకు అన్నీ దస్తావేజుల మీద సుంకం వేసినవే తప్ప సరుకుల మీద వేసినవి కావు. అందువల్ల మన ఊళ్ళలో తయారైన సీసాకు, డబ్బాకు రాణిగారి పట్టీ ఉండదు.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినప్పుడు దానికి ప్రభుత్వ ముద్ర అండ లేదు. ఆయన సంగీత సభల్లో ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారు. నా ఉద్దేశంలో అది స్టాంపు కన్నా గట్టి ప్రకటన.

తమలపాకు
కచేరీకి వెళితే తలనొప్పి వస్తుందని ఆయనకు ముందే తెలుసునేమో!

ప్లీడరు_వారసుడు
పంతులుగారి మీద హాస్యాలు తరువాత, ముందు షేర్ల సంగతి చూద్దాం. ఇంతవరకు అందరూ సీసా చుట్టూ తిరుగుతున్నారు గానీ అసలు ఆసక్తికరమైనది రెండవ సగం.

సాధారణంగా దస్తావేజును ముద్ర వేసిన స్టాంపు కాగితం మీదే రాయాలి. అంటించే బిళ్ళలను కొన్ని పత్రాలకే అనుమతించారు. 1899 చట్టం 11వ సెక్షన్‌లో ఆ జాబితా ఉంది. అణా రసీదుల వంటి చిన్న పత్రాలు, విదేశాల్లో రాసిన హుండీలు, హైకోర్టు జాబితాలో వకీలుగా పేరు ఎక్కించుకోవడం, నోటరీ పనులు, వీటితో పాటు కంపెనీ షేర్లను పత్రం వెనక సంతకంతో బదిలీ చేయడం. మీ నాలుగు బిళ్ళలు ఈ ఆఖరి పనికోసం అచ్చు వేసినవి. ఆ చట్టంలో షేరు బదిలీ సుంకం భూమి అమ్మకపు సుంకంలో సగం, అంటే వందకు ఎనిమిది అణాలు. లండన్‌లో కూడా అప్పటి రేటు వంద పౌండ్లకు పది షిల్లింగులు. రెండు చోట్లా అరశాతమే.

ఇక మందుకు, షేరుకు ఉన్న తేడా చెబుతాను. స్టాంపు లేని దస్తావేజు కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. సుంకానికి పదింతల దాకా జరిమానా కడితే గానీ దాన్ని చూడరు. అయినా షేర్ల వ్యాపారులు ఆ సుంకాన్ని తప్పించుకునేందుకే చూశారు. మందుల వ్యాపారి స్టాంపును పది మందికీ చూపించాడు, షేర్ల వ్యాపారి దాని కంట పడకుండా తిరిగాడు. రెండు సుంకాలదీ ఒకే వంశం కావచ్చు గానీ వాటి బతుకులు వేరు.

దలాల్_వీధి_దూరపు_చుట్టం
తప్పించుకున్నారనడం అన్యాయం. బ్లాంక్ ట్రాన్స్‌ఫర్ మోసం కాదు, సౌకర్యం. అమ్మేవాడు సంతకం పెట్టి, కొనేవాడి పేరు, తేదీ ఖాళీగా వదిలి ఇచ్చేవాడు. ఆ కాగితం నోటులాగా చేతులు మారేది. ఎవడైతే చివరకు కంపెనీ పుస్తకంలో తన పేరు ఎక్కించుకోవాలనుకుంటాడో వాడు పేరు రాసి, బిళ్ళ అంటించి పంపేవాడు. రోజుకు మూడు చేతులు మారే షేరుకు మూడుసార్లు సుంకం కట్టమంటే బజారే నడవదు.

ప్లీడరు_వారసుడు
ఇరవై అమ్మకాలు జరిగి ఒక్క సుంకం మాత్రమే ఖజానాకు చేరితే, దాన్ని మీరు సౌకర్యం అంటారు, నేను ఎగవేత అంటాను. మన ఇద్దరి మధ్య తేడా కేవలం మర్యాదకు సంబంధించినది. అటువంటి కాగితాలు ఎడాపెడా తిరిగితే ఏమవుతుందో బొంబాయి 1865లో చూసింది. అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తి ధర పెరిగి డబ్బు వరదలా వచ్చినప్పుడు, సముద్రాన్ని పూడ్చి భూమి చేసే బ్యాక్‌బే కంపెనీ అయిదు వేల రూపాయల షేరు యాభై వేలకు పాకింది. యుద్ధం ముగిసింది. జూలై 1న లెక్కలు తేల్చుకోవలసిన నాటికి కట్టగలవాడు లేడు. పత్తి, షేర్ల వ్యాపారంలో పేరుమోసిన ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ అంతటివాడు చితికిపోయాడు, చివరకు 1868లో బ్యాంక్ ఆఫ్ బాంబే మూతపడింది.

దలాల్_వీధి_దూరపు_చుట్టం
ఆ పతనానికి కారణం పత్తి, అప్పు. బిళ్ళ అంటించకపోవడం కాదు. బిళ్ళలన్నీ సక్రమంగా అంటించి ఉన్నా అది కూలేదే.

ప్లీడరు_వారసుడు
ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఖాళీ కాగితాల బెడద మాత్రం పోలేదు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1965లో కంపెనీల చట్టాన్ని సవరించి, బదిలీ పత్రం మీద ముందుగా అధికారి చేత తేదీ ముద్ర వేయించుకోవాలని నిబంధన పెట్టవలసి వచ్చింది.

సికిందరాబాదు_సత్యం
మన తెలంగాణకు సంబంధించిన విక్టోరియా కాలపు షేర్ల కథ ఒకటి ఉంది. సింగరేణి బొగ్గు కోసం 1886లో నిజాం ప్రభుత్వం ఇచ్చిన గనుల హక్కుతో లండన్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పుట్టింది. పది లక్షల పౌండ్ల మూలధనాన్ని పది పౌండ్ల షేర్లుగా లక్షగా విడగొట్టి, వాటిలో 85,000 షేర్లను పూర్తిగా చెల్లించినట్లు చూపించి, హక్కు సంపాదించిన వాట్సన్, స్టూవర్ట్ బృందమే తీసుకుంది. నిజాం కొలువులోని అబ్దుల్ హక్ పాత్ర బయటపడి గొడవ ముదిరింది. 1888లో బ్రిటిష్ పార్లమెంటు ఒక విచారణ సంఘాన్ని వేసింది. కంపెనీ లండన్‌ది కాబట్టి అక్కడ బదిలీ అయిన షేర్ల మీద సుంకం సోమర్సెట్ హౌస్‌కే చేరేది. బొగ్గు ఇల్లెందుది, స్టాంపు లండన్‌ది.

అటక_మీద_పిల్లి
ఆ షేర్ల మీద కూడా క్లోరోడైన్ సీసా మీది పట్టీలాంటిది వేసి ఉంటే కొన్నవాళ్ళు కాస్త తేరుకునేవారు.

న్యూజెర్సీ_నారయ్య
పిల్లిగారు హాస్యానికి అన్నది అమెరికాలో నిజంగానే జరిగింది. స్పెయిన్‌తో యుద్ధం ఖర్చు కోసం 1898లో ఇక్కడ స్టాంపు పన్ను వేశారు. ఒకే యుద్ధనౌక బొమ్మతో రెండు రకాల స్టాంపులు అచ్చు వేశారు. "డాక్యుమెంటరీ" అని ఉన్నవి దస్తావేజులకు, షేర్ల అమ్మకాలకు, "ప్రొప్రయిటరీ" అని ఉన్నవి మందులకు, అత్తర్లకు. షేర్లకు నూరు డాలర్ల ముఖవిలువకు రెండు సెంట్లు కట్టాలి. నా సేకరణలో రెండు రకాలూ పక్కపక్కనే ఉన్నాయి, దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. అంతకు ముందు 1862 నుంచి 1883 దాకా నడిచిన మందుల పన్నులో వ్యాపారులే సొంతంగా స్టాంపు అచ్చు చెక్కించుకుంటే ప్రభుత్వం ధరలో తగ్గింపు కూడా ఇచ్చేది. దాంతో కొందరు తమ బొమ్మలే వేయించుకున్నారు.

అణా_పైస
నారయ్యగారూ, ఆ పుటను ఫొటో తీసి పెట్టండి. ఆ తరువాత మళ్ళీ విక్టోరియా దగ్గరికి వద్దాం.

గోదారి_గట్టు
షేరు బిళ్ళల విషయంలో మా ఇంటి అనుభవం చెబుతాను. తొంభైల మొదట్లో మా నాన్నగారు కొన్ని షేర్లు కొని, బదిలీ పత్రం వెనక బిళ్ళలన్నీ వరసగా అంటించి ఒక కంపెనీకి పంపారు. రెండు నెలలకు ఆ కట్ట అలాగే తిరిగి వచ్చింది. బిళ్ళల మీద గీత కొట్టలేదట. గీత కొట్టని బిళ్ళను స్టాంపు వేయనట్లే లెక్కిస్తారని ఒక వాక్యం రాసి పంపారు. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక్కొక్క బిళ్ళ మీద అడ్డంగా గీత గీసి, సంతకం చేసి మళ్ళీ పంపేసరికి డివిడెండు తేదీ దాటిపోయింది.

ప్లీడరు_వారసుడు
కంపెనీ చెప్పింది సరైన మాటే. 12వ సెక్షన్ ప్రకారం అంటించిన బిళ్ళను మళ్ళీ వాడడానికి వీలు లేకుండా రద్దు చేయాలి. పాత బిళ్ళలను కడిగి మళ్ళీ అమ్మే ముఠాల వల్ల ఆ నిబంధన వచ్చింది. షేర్లను కాగితం లేకుండా కంప్యూటరు ఖాతాలో ఉంచే డీమ్యాట్‌తో ఈ బెడద అంతా పోయింది. ఇప్పుడు 2020 జూలై నుంచి ఎక్స్ఛేంజీలే 0.015 శాతం చొప్పున కోసుకుంటున్నాయి, నాలుకతో తడిపే పని లేదు.

దలాల్_వీధి_దూరపు_చుట్టం
పాత_ట్రంకు గారూ, ఒక్క పని చేయండి. షేరు పత్రం వెనక్కి తిప్పి అమ్మినవాడి సంతకం, కొన్నవాడి పేరు, తేదీ చూడండి. బిళ్ళల మీద గీతలు గానీ వెనక పాత జిగురు గానీ ఉన్నాయేమో కూడా చెప్పండి.

పాత_ట్రంకు
చూశాను. పత్రం వెనక ఇంగ్లీషులో ఒక సంతకం ఉంది. కొన్నవారి పేరు రాయవలసిన చోటు ఖాళీగా ఉంది. తేదీ లేదు. బిళ్ళలు నాలుగింటి మీదా గీత లేదు, వెనక జిగురు చెక్కుచెదరలేదు. పత్రం మీద బిళ్ళ అంటించి తీసిన మరక కూడా లేదు.

ప్లీడరు_వారసుడు
అయితే ఆ కాగితం చాలా చేతులు మారి మీ ముత్తాతగారి దగ్గర ఆగింది. ఆయన తన పేరు ఎక్కించుకోవాలనే అనుకున్నారు, అందుకే బిళ్ళలు కొన్నారు. ఏ కారణం చేతనో అంటించలేదు. చట్టం కళ్ళకు ఆయన ఏనాడూ వాటాదారు కాలేదు. సుంకం మాత్రం ముందుగానే కట్టేశారు, ఎందుకంటే బిళ్ళ కొన్న రోజునే డబ్బు ఖజానాకు చేరింది.

దలాల్_వీధి_దూరపు_చుట్టం
చూశారా, నేను చెప్పిన ఆఖరి చెయ్యి దొరికింది. ఆ చెయ్యి సుంకం కట్టింది కూడా.

కచేరీ_కాగితం
పట్టీ సంగతి ఏమైంది? రెండవ సగం మీద ఏమైనా రాసి ఉందా?

పాత_ట్రంకు
పత్రిక ముక్క మడత విప్పితే పట్టీ రెండవ సగం అందులోనే అంటుకుని ఉంది. ఆవిరి పట్టకుండా మెల్లగా విడదీశాను. రెండు సగాలూ కలిపి భూతద్దంతో చదివితే సన్నని ఇంగ్లీషు అక్షరాల్లో ఒక వరస కనిపించింది. ఈ స్టాంపు ఉన్నంత మాత్రాన ప్రభుత్వ పూచీ ఉన్నట్లు కాదు అని దాని భావం.

సుంకాల_సుబ్బయ్య
చాలా మంచి ముక్క. ఆ వాక్యాన్ని 1880ల మధ్యకాలం నుంచి పట్టీల మీద చేర్చారు. జనం పొరబడుతున్నారని ప్రభుత్వానికి తెలియడానికి నూరేళ్ళు పట్టింది. దీనితో మీ పట్టీ అంతకు ముందుది కాదని తేలిపోయింది.

పాత_ట్రంకు
ఇంకొక సంగతి చెప్పడం మరిచిపోయాను. ఆ వాక్యం కింద మాత్రమే పెన్సిలుతో ఒక గీత ఉంది. షేరు పత్రం మీద మిల్లు పేరు కింద కూడా సరిగ్గా అటువంటి గీతే ఉంది.

అటక_మీద_పిల్లి
ఈసారి నేను హాస్యం ఆడను. నాలుగు బిళ్ళలూ అలాగే ఉంచండి, అమ్మకండి.